కోడ్ రాసేవారికో న్యాయం, ఫోన్ వాడేవారికో న్యాయం

2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐలో ఒక సదుపాయం మూతపడింది. ‘నాకు ఇంత డబ్బు పంపు’ అని ఒక మనిషి ఇంకో మనిషికి పెట్టే కలెక్ట్ రిక్వెస్ట్‌ను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపేసింది. వ్యాపారులకు మాత్రం ఉంచింది. చాలామందికి ఈ సంగతి తెలియనే తెలియదు. తెలిసినవారిలో ఎక్కువమంది దాని దెబ్బ రుచి చూసినవారే అయి ఉంటారు.

పాత ఫ్రిజ్ అమ్ముతామని ఆన్‌లైన్‌లో పెట్టగానే ఫోన్ వచ్చేది. “వస్తువు నచ్చిందండీ, అడ్వాన్స్ పంపిస్తున్నా. మెసేజ్ వచ్చింది చూడండి, నొక్కి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడిపోతాయి.” పిన్ కొట్టాక డబ్బు పడేది కాదు, పోయేది. దీనికి బ్యాంకులు ఏళ్ల తరబడి చెప్పిన మందు ఒక్కటే: డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, అప్రమత్తంగా ఉండండి. మధ్యలో ఒక్కో రిక్వెస్ట్‌కు 2,000 రూపాయల పరిమితి పెట్టారు. యూపీఐ మొదలైంది 2016లో. ఈ సందు మూయడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

మోసపోయినవారిని మనం “చదువుకున్నారు కదా, ఆ మాత్రం చూసుకోవద్దా” అంటూ వచ్చాం. నన్నడిగితే ఇది తెలివికి సంబంధించిన సమస్యే కాదు. డబ్బు పంపడానికి, ఎవరో అడిగిన డబ్బు ఇవ్వడానికి ఒప్పుకోవడానికి, ఖాతాలో ఎంతుందో చూసుకోవడానికి – మూడింటికీ యూపీఐ అడుగుతూ వచ్చింది ఒకటే పిన్. ‘పిన్ కొడితే డబ్బు పోతుంది’ అన్న సంగతి జనానికి ఒంటబట్టాలంటే అది ప్రతిసారీ నిజం కావాలి కదా. బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు పిన్ కొడతాం, పైసా పోదు. వేళ్లకు ఆ అలవాటు నేర్పింది ఆ యాపే. అందుకే ‘జంప్డ్ డిపాజిట్’ ప్రచారాన్ని జనం అంత తేలిగ్గా నమ్మారు. ఎవడో మీ ఖాతాలో కొంత డబ్బు వేస్తాడు, మీరు బ్యాలెన్స్ చూసుకోవడానికి పిన్ కొట్టగానే ఖాతా ఖాళీ అవుతుంది అన్నది ఆ ప్రచారం. అలా జరిగే వీలు లేదని ఎన్‌పీసీఐ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. వ్యవస్థను కట్టిన తీరే అలాంటి కథకు నమ్మకం తెచ్చిపెట్టింది.

వేర్వేరు పనులకు ఒకే ఆకారం ఇస్తే మనిషి ఎక్కడో ఒకచోట తప్పు చేస్తాడు. ఈ సంగతి ప్రోగ్రామింగ్ భాషలు తయారుచేసేవారికి కొత్తది కాదు. 1999 సెప్టెంబర్‌లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకను పోగొట్టుకుంది. లాక్‌హీడ్ మార్టిన్ రాసిన సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది, నాసా వైపు సాఫ్ట్‌వేర్ వాటిని న్యూటన్ల లెక్కలో చదువుకుంది. కంప్యూటర్‌కు రెండూ ఉత్త అంకెలే. ఈ రకం తప్పు జరగకుండా ఎఫ్ షార్ప్ లాంటి భాషల్లో అంకెతో పాటు దాని కొలమానాన్నీ రాసి ఉంచే వీలు కల్పించారు. మీటర్లకు సెకన్లు కూడబోతే కంపైలర్ (రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) ఒప్పుకోదు. ప్రోగ్రామర్‌కు ‘అప్రమత్తంగా ఉండండి’ అన్న బోర్డు పెట్టి ఊరుకోలేదు. తప్పు చేయడానికి దారే లేకుండా చేశారు.

ఈ ఆలోచన స్థిరపడటానికి భాషల లోకంలోనూ చాలాకాలమే పట్టింది. బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషను రూపొందిస్తూ ‘నల్’ అనే ఏర్పాటు తెచ్చారు. విలువ ఉండాల్సిన చోట ఏమీ లేదని చెప్పే గుర్తు అది. దాన్ని పెట్టడం అంత తేలిక గనుక ఆశ ఆపుకోలేకపోయానని, అది తన ‘వంద కోట్ల డాలర్ల తప్పు’ అని 2009లో ఒక సదస్సులో ఆయనే చెప్పుకున్నారు. సీ, జావా, జావాస్క్రిప్ట్ – ఒక దాని తర్వాత ఒకటి ఆ నల్‌ను మోసుకొచ్చాయి. యాప్ వాడుతుండగా ఉన్నట్టుండి మూతపడిందంటే దాని వెనక నల్ ఉండే అవకాశం చాలా ఎక్కువ.

నల్ దెబ్బ ఫోన్ల దగ్గరే ఆగదు. కాలిఫోర్నియాలో ఒక సెక్యూరిటీ పరిశోధకుడు సరదాకి తన కారుకు ‘నల్’ అనే అక్షరాలతో నంబర్ ప్లేటు తీసుకున్నాడు. జరిమానాల నుంచి తప్పించుకోవచ్చన్న కొంటె ఆలోచన కూడా ఉందనుకోండి. జరిగింది తలకిందులు. నంబర్ నమోదు కాని బండ్ల జరిమానాలన్నీ వచ్చి అతని నెత్తిన పడ్డాయి, 12 వేల డాలర్లకు పైగా. నంబర్ లేకపోవడానికీ, నంబర్‌గా ‘నల్’ అని ఉండటానికీ తేడా తెలియని వ్యవస్థ అది.

కోట్లిన్, స్విఫ్ట్, రస్ట్ అనే కొత్తతరం ప్రోగ్రామింగ్ భాషలు ఈ తేడాను భాషలోనే పెట్టాయి. విలువ లేకపోవచ్చు అనిపించిన ప్రతిచోటా ఆ మాట ముందే రాసి తీరాలి. లేకపోతే ఏం చేయాలో చెప్పకుండా ముందుకెళ్తే కంపైలర్ కదలనివ్వదు. రస్ట్ పుట్టుకే ఒక రోజువారీ చికాకుతో ముడిపడి ఉంది. 2006లో వాంకోవర్‌లో గ్రేడన్ హోర్ అనే ప్రోగ్రామర్ ఇంటికొచ్చేసరికి సాఫ్ట్‌వేర్ కుప్పకూలి లిఫ్ట్ ఆగిపోయి ఉంది. ఆయన ఉండేది 21వ అంతస్తులో. మెట్లెక్కుతూ, లిఫ్ట్ కూడా పాడవకుండా నడిపించలేని కంప్యూటర్లు తయారుచేశామేంటని విసుక్కున్నారట. ఆ విసుగే కొత్త భాషకు దారి తీసింది. (ఇద్దరు హోర్‌లకూ చుట్టరికం లేదు.) అంతకుముందు సీ భాష వాడేవారి వాదన ఒకటుండేది: మెమరీ తప్పులు (కంప్యూటర్ మెమరీలో తాకకూడని చోటును తాకడం లాంటివి) చేసేవాడు చేతగాని ప్రోగ్రామర్, చేయి తిరిగినవాడు చేయడు. ఏటా తాము సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ లోపాలేనని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పాక ఆ వాదన నోరు మూతపడింది. మైక్రోసాఫ్ట్‌లో ఉన్నవారు చేయి తిరగనివారా మరి?

నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. తాము ఎంత నేర్పరులైనా తప్పు చేస్తామని ఒప్పుకుని, ఆ తప్పు జరగనివ్వని పనిముట్లను పట్టుబట్టి సాధించుకున్న ఇంజినీర్లే మనకు యాప్‌లు కట్టేటప్పుడు ఆ పాత సీ వాదననే అందుకుంటారు. వాడేవారు జాగ్రత్తగా ఉండాలి, అంతే.

ఎర్రర్ మెసేజ్‌ల సంగతే చూడండి. రస్ట్‌లో ఒకసారి ఇంకొకరికి అప్పగించేసిన విలువను మళ్లీ వాడబోయారనుకోండి. ఏ వరుసలో అప్పగించారో ఒక గీత, ఏ వరుసలో మళ్లీ వాడుతున్నారో ఇంకో గీత గీసి చూపిస్తుంది. కావాలంటే నకలు తీసుకోండి, ఇదిగో ఇలా రాయండి అని రాయాల్సిన మాట కూడా చేతికిస్తుంది. పేరు తప్పు రాస్తే ‘ఇదా మీరు అనుకున్నది’ అని దగ్గరి పేరు చూపిస్తుంది. ఆ కంపైలర్‌తో పగలంతా పనిచేసిన మనిషే సాయంత్రం మనకోసం ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్, ప్లీజ్ ట్రై ఎగైన్’ అని రాస్తాడు. ఫారంలో పద్దెనిమిది గళ్లు నింపి సబ్మిట్ నొక్కితే పైన ఎర్రటి అక్షరాల్లో ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని వస్తుంది. ఏ గడిలోనో చెప్పదు. పైగా నింపినవన్నీ చెరిపేస్తుంది. ఏ ప్రోగ్రామరైనా తన కంపైలర్ ఇలా ప్రవర్తిస్తే మర్నాడే దాన్ని పక్కన పడేస్తాడు.

వీళ్లేమీ దుర్మార్గులు కాదు. భాష కట్టినవాడు రోజూ అదే భాషలో రాస్తాడు. ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుందో అతనికి తెలుసు, తీసే చేయీ అతనిదే. యాప్ విషయంలో నొప్పి ఒకరిది, మార్చే అధికారం ఇంకొకరిది. ఈ రెండూ వేరైపోయిన చోట మరమ్మతు ఏళ్ల తరబడి సాగుతుంది.

ఎక్సెల్ అందుకు మంచి సాక్ష్యం. సెప్ట్1, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లు టైపు చేస్తే సెప్టెంబర్ 1, మార్చి 1 అనుకుని తారీఖులుగా మార్చేసేది. పరిశోధన పత్రాలతో పాటు వచ్చిన పట్టికల్లో కూడా ఈ తప్పులు దొర్లాయి. చివరికి 2020లో దిగొచ్చింది ఎవరు? జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘం. సెప్ట్1ను సెప్టిన్1 చేసింది, మార్చ్1ను మార్చ్ఎఫ్1 చేసింది. ఇలా తనంతట తానే మార్చడాన్ని ఆపే మీట ఎక్సెల్‌లో వచ్చింది 2023లో. శాస్త్రవేత్తలు ముందు లొంగారు, స్ప్రెడ్‌షీట్ తర్వాత లొంగింది. మనిషి జన్యువుల పేర్లు మార్చడం ముందే పెట్టి ఉంచిన ఒక సెట్టింగ్ (డీఫాల్ట్) మార్చడం కంటే తేలికైందన్నమాట!

వాడకం పెరిగేకొద్దీ మార్చడం కష్టమవుతుందన్న మాటా నిజమే. స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో కోడ్ ముక్కలను కలిపి ప్రోగ్రామ్‌గా కట్టే ‘మేక్’ అనే పనిముట్టు రాశారు. అందులో ప్రతి ఆదేశం ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేస్‌లు పెడితే పనిచేయదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అది చెడ్డ ఏర్పాటని ఆయనకు కొద్ది వారాల్లోనే తెలిసింది. అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, వారిలో ఎక్కువమంది మిత్రులే, వారిని ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశారు. ఆ డజను మంది మొహమాటానికి లోకంలోని ప్రోగ్రామర్లు ఇప్పటికీ ఆ ట్యాబ్ కొడుతున్నారు.

పైథాన్ భాష మాత్రం తెగించింది. 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3, పాత కోడ్ నడవకపోయినా సరేనని అక్షరాలను, బైట్‌లను (కంప్యూటర్ వాటిని దాచుకునే అంకెలను) విడదీసింది. జనం తిట్టుకున్నారు. పైథాన్ 2కు చివరి సెలవు ఇవ్వడానికి 2020 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మార్పు వల్ల బాగుపడినవారిలో తెలుగువాళ్లం మనం ఉన్నాం. ‘స్త్రీ’ అని రాసి పొడవెంత అని పైథాన్ 2ను అడిగితే మామూలుగా 18 అనేది. ఎందుకంటే అక్షరాలను బైట్‌లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్‌లు. పైథాన్ 3 అదే ప్రశ్నకు 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఆపై ఈకారం. జావాస్క్రిప్ట్ కూడా 6 అనే అంటుంది. చదివేవారికి మాత్రం అది ఒక్క అక్షరం. లిపులకు కంప్యూటర్ గుర్తులు ఖరారు చేసే ప్రమాణం యూనికోడ్. 2023లో వచ్చిన దాని 15.1 కూర్పు తెలుగు, దేవనాగరి వంటి లిపుల్లో ఇలాంటి సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగానే లెక్కించాలని నియమం చేర్చింది. అక్షరాలను చదివేవారి కళ్లతో లెక్కించాలని మొదటినుంచీ పట్టుబట్టిన స్విఫ్ట్ లాంటి భాషలు తక్కువ.

మిగతా చోట్ల ఏమవుతుందో మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. శీర్షిక పొడవైతే ఇన్ని గుర్తుల దగ్గర కోసెయ్ అని కోడ్ రాస్తారు. ఇంగ్లిష్‌లో మాట మధ్యలో తెగుతుంది, పోనీలే అనుకోవచ్చు. తెలుగులో అక్షరమే మధ్యకు తెగుతుంది. ‘స్త్రీ’ని నాలుగు గుర్తుల దగ్గర కోస్తే ‘స్త్’ మిగులుతుంది, చివర పొల్లు వేలాడుతూ. ఎస్సెమ్మెస్‌దీ ఇదే వరస. ఇంగ్లిష్‌కు 160 గుర్తులు పట్టే సందేశంలో తెలుగుకు దక్కేది 70, ఆ 70లోనూ ప్రతి ఒత్తుకూ గుడికీ విడిగా లెక్క.

2018 ఫిబ్రవరిలో మాత్రం ఒక తెలుగు అక్షరం ప్రపంచాన్ని వణికించింది. ‘జ్ఞా’లో కంటికి కనిపించని ఒక గుర్తు ఇరికించి పంపితే, అది చూపించబోయిన ఐఫోన్ యాప్ అక్కడికక్కడే కుప్పకూలేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. గోల మొదలైన కొద్ది రోజుల్లోనే మందు వచ్చేసింది. తెగిపడే అక్షరాలు మన ఒక్కరి బాధ గనుక ఏళ్లుగా అలాగే ఉన్నాయి. జ్ఞా న్యూయార్క్‌లో కూడా ఫోన్లు ఆపేసింది గనుక దాని వైద్యం అంత వేగంగా జరిగింది.

వాడేవారి పొరపాట్లకు విరుగుడుగా యాప్‌లవాళ్లకు తట్టేది హెచ్చరికల డబ్బా. ‘ఖాయమేనా?’ అని ఇంకోసారి అడగడం. ఇది పనిచేయదని కూడా భాషల చరిత్రే చెబుతోంది. జావాలో కొన్ని రకాల పొరపాట్లను ప్రోగ్రామర్ తప్పక పట్టించుకోవాలని నియమం పెట్టారు. ఉద్దేశం మంచిదే. అడుగడుగునా అడిగేసరికి జనం ఖాళీ బ్రాకెట్లు పెట్టి కంపైలర్ నోరు మూయించడం నేర్చుకున్నారు. తర్వాత వచ్చిన కోట్లిన్ ఆ నియమాన్నే వదిలేసింది. మనం చేసేదీ అదే కదా, డబ్బా రాగానే చదవకుండా ‘ఓకే’.

హెచ్చరిక కన్నా వెనక్కి తీసుకునే వీలు మేలు. వాట్సాప్‌లో ‘అందరికీ డిలీట్’ చేయబోయి ‘నాకు మాత్రమే డిలీట్’ నొక్కినవారి అవస్థ చెప్పనలవి కాదు. పంపకూడని గ్రూపులో ఫొటో అందరికీ కనిపిస్తుంటుంది, చెరపాల్సిన మనిషికి మాత్రం కనిపించదు. 2022 డిసెంబర్‌లో ఐదు సెకన్ల ‘అన్‌డూ’ ఇచ్చారు, కొత్త డబ్బా ఏదీ తెరవకుండానే.

డబ్బు విషయంలో ఇది ఇంత తేలిక కాదు. ఖాతాలో పడితే తప్ప కిరాణా కొట్టువాడు సరుకు ఇవ్వడు, ఇవ్వాలనడమూ తప్పే. అందుకే అన్నిటికీ అక్కర్లేదు. వ్యక్తి నుంచి వ్యక్తికి, మొదటిసారి, పెద్ద మొత్తం – ఈ మూడూ కలిసినప్పుడు మాత్రం పంపినవారు కొన్ని నిమిషాల్లోపు రద్దు చేసుకునే వీలుండాలి. బ్యాలెన్స్ చూడటానికి పిన్ తీసేసి ఫోన్ లాక్‌తో సరిపెట్టాలి. పిన్ తెర మీద తెలుగులో ‘మీ ఖాతా నుంచి 1,800 రూపాయలు పోతాయి’ అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. వేగం తగ్గుతుందని కంపెనీలు అభ్యంతరం చెబుతాయి. తగ్గుతుంది. కంపైలర్ అడ్డుకున్నప్పుడు ప్రోగ్రామర్ వేగమూ తగ్గుతుంది, దానికి ఇప్పుడు ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు.