బల్ల మీద సుద్దముక్క

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. నా భార్యది ఒంగోలు బాప్టిస్టు కుటుంబం. పెళ్ళి మాటలప్పుడు ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర ఎవరూ గొంతు పెంచలేదు. బాప్తిస్మం దగ్గర పెరిగింది. నెలల పిల్లాడిగా నా తల మీద చిలకరించిన నీళ్ళు చెల్లవనీ, ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే తమ గుడిలో పెళ్ళనీ అటువైపు పెద్దలు పట్టుబట్టారు. "అయితే నా కొడుకు ఇన్నాళ్ళూ క్రైస్తవుడు కాడా?" అని ఒక్క ప్రశ్న వేసి మా నాన్న లేచి వచ్చేశారు. చివరికి పెళ్ళి మా గుడిలోనే జరిగింది. వాళ్ళ సంఘపెద్దలు రాలేదు.

ఆ తగువు మన నేల మీద పుట్టింది కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్ లూథరన్, అందుకని మేం లూథరన్లం. ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర బాప్టిస్టు, అందుకని వాళ్ళు బాప్టిస్టులు. కరువు వెళ్ళిన 1878లో, జూలై నెలలో ఒక్కరోజే గుండ్లకమ్మ నీళ్ళలో 2,222 మంది మునిగి లేచారు. మా తాతముత్తాతలు గానీ వాళ్ళ తాతముత్తాతలు గానీ యూరప్ వాదాలు విని ఒక పక్షం ఎంచుకోలేదు. ఏ మిషన్ ఏ తాలూకాకు వస్తే ఆ పేరు వచ్చింది.

ఆ వాదాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది 1529 అక్టోబరు మొదటి వారంలో జర్మనీలోని మార్బర్గ్ కోటలో ప్రభువు బల్ల గురించి, అంటే యేసు జ్ఞాపకార్థం పంచుకునే రొట్టె, ద్రాక్షారసం గురించి జరిగినది. అదే ఏడు ఏప్రిల్‌లో స్పయర్ సభలో, సంఘ సంస్కరణను ఆపాలన్న తీర్మానానికి కొందరు ప్రభువులు, నగరాలు నిరసన తెలిపాయి. 'ప్రొటెస్టెంట్' అనే పేరు పుట్టింది అక్కడే. కతోలికుడైన చక్రవర్తి ఐదో చార్లెస్ ఎదుట వీళ్ళంతా ఒక్కటిగా నిలబడాలంటే ముందు బోధకులు ఒక్కటి కావాలని హెస్సె పాలకుడు ఫిలిప్ తలచి వాళ్ళను మార్బర్గ్‌కు పిలిచాడు. విట్టెన్‌బర్గ్ నుంచి మా లూథరన్లకు పేరిచ్చిన లూథర్, ఆయన సహచరుడు మెలాంక్టన్. జ్యూరిక్ నుంచి అక్కడి సంస్కర్త జ్వింగ్లీ. బాసెల్ నుంచి ఎకొలంపాడియస్. స్ట్రాస్‌బర్గ్ నుంచి బూట్సర్ వచ్చారు.

వాదన మొదలుకాకముందే లూథర్ సుద్దముక్క తీసి బల్ల మీద లాటిన్‌లో రాశాడు: హోక్ ఎస్ట్ కార్పుస్ మెయుమ్. "ఇది నా శరీరము." రాసిన మాట మీంచి కదలనన్నాడు. 'అయి ఉంది' అనే ఆ 'ఎస్ట్' క్రియకు 'సూచిస్తుంది' అని అర్థం చెప్పుకోవాలని జ్వింగ్లీ వాదన. "ఆత్మయే జీవింపచేయుచున్నది; శరీరము కేవలము నిష్‌ప్రయోజనము" అన్న యోహాను ఆరో అధ్యాయం వచనం చూపించి, ఇది మీ మెడ విరుస్తుందన్నాడు. మీరున్నది హెస్సెలో, స్విట్జర్లాండ్‌లో కాదు, ఇక్కడ మెడలు అంత తేలిగ్గా విరగవని లూథర్ జవాబు.

వాళ్ళు పట్టుకుని లాగిన ఆ క్రియ మన తెలుగు వాక్యంలో లేనే లేదు. యేసు మాట్లాడిన అరమాయిక్‌లోనూ అలాంటి వాక్యానికి అది అక్కర్లేదు. అంతమాత్రాన ఆ వాదం తేలికైనదని నేననను. ప్రభువు బల్ల దగ్గర మోకరించినవాడికి ఏమందుతోందన్నది చిన్న ప్రశ్న కాదు. అక్కడ నాకందేది ఆయన శరీరమేనని నేను ఈ రోజుకీ నమ్ముతాను.

చివరికి పదిహేను అంశాలు రాసుకున్నారు. పద్నాలుగింటిలో ఏకాభిప్రాయం. పదిహేనో దానిలో కూడా చాలా భాగం కుదిరింది. రొట్టెలో, ద్రాక్షారసంలో క్రీస్తు శరీర రక్తాలు శారీరకంగా ఉన్నాయా అన్న ఒక్క మాట మిగిలింది. మనస్సాక్షి ఒప్పినంత వరకు ఒకరినొకరు ప్రేమించాలని కూడా అందులోనే రాసి సంతకాలు పెట్టారు. జ్వింగ్లీ కన్నీళ్ళు పెట్టుకుని సహోదరుడిగా చేయి చాచాడు. లూథర్ అందుకోలేదు. మీది వేరే ఆత్మ అని బూట్సర్‌తో అన్నాడు. రెండేళ్ళకు, 1531 అక్టోబరులో, జ్వింగ్లీ కాపెల్ యుద్ధంలో చనిపోయాడు. లూథరన్‌గానే చెబుతున్నాను: లూథర్ బోధ తప్పని కాదు, చేయి అందుకోకపోవడం తప్పు.

జ్వింగ్లీ చేతులూ శుభ్రంగా లేవు. పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదన్న ఫెలిక్స్ మాన్స్‌ను 1527 జనవరి 5న జ్యూరిక్ నగర సభ చేతులు కట్టించి లిమ్మట్ నదిలో ముంచి చంపింది. ఆ అణచివేతకు జ్వింగ్లీ మద్దతుంది. ఒంగోలు బాప్టిస్టులు మాన్స్‌కు నేరుగా వారసులు కారు. కానీ ఆ నమ్మకం కోసం మనుషులు నీళ్ళలో ప్రాణాలు విడిచారని చదివాక మా మామగారి పట్టుదల మీద నాకున్న కోపం చాలావరకు పోయింది. 2004లో జ్వింగ్లీ బాటలో నడిచే జ్యూరిక్ రిఫార్మ్‌డ్ సంఘం తప్పు ఒప్పుకుంది. ఆ నది ఒడ్డున ఇప్పుడు మాన్స్ పేరుతో ఒక ఫలకం ఉంది.

మార్బర్గ్‌లో అందని చేయి 1973 మార్చిలో, 444 ఏళ్ళకు, బాసెల్ దగ్గర లోయన్‌బెర్గ్‌లో అందింది. యూరప్ లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు పాత ఖండనలు నేటి తమ బోధకు వర్తించవని ఒప్పుకుని, ఒకరి బల్ల దగ్గరికి ఒకరు రావచ్చన్నాయి. బోధలో తేడాలన్నీ చెరిపేశాకే కలుద్దామని కూర్చోలేదు.

మన దగ్గర ఈ బాధ అంతకన్నా ముందే మాటల్లోకి వచ్చింది. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, తెలుగు నేలను తన పొలంగా చేసుకున్న దోర్నకల్ బిషప్ అజరయ్య, 1919లో తరంగంబాడిలో తోటి భారతీయ బోధకులతో కలిసి, ఈ చీలికలు మనం చేసుకున్నవి కావు, బయటి నుంచి మన మీద పడ్డవి అని ప్రకటించాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. ఆయన ఆ రోజు చూడలేదు, 1945లోనే పోయాడు. మా లూథరన్లు, మా అత్తవారి బాప్టిస్టులు ఆ ఐక్యతకు బయటే ఉండిపోయారు.

ఇక్కడ అమెరికాలో మా ఊళ్ళో తెలుగు క్రైస్తవ కుటుంబాలు నెలకోసారి కలుస్తాయి. పాటలు కలిసి పాడతాం, క్రిస్మస్‌కు కలిసి వండుకుంటాం. రొట్టె విరిచే ఆదివారం మాత్రం ఎవరి సంఘానికి వాళ్ళం వెళ్ళిపోతాం. అట్లాంటిక్ దాటి గుంటూరుకు, ఒంగోలుకు వెళ్ళిన తగువు మా సామాన్లలో పడి మళ్ళీ అట్లాంటిక్ దాటింది. ఎవరి బాప్తిస్మాన్నీ వదులుకోమని అడగడం లేదు. మా పెద్దమ్మాయికి పసితనంలో చిలకరించారు, చిన్నవాడు పద్నాలుగేళ్ళకు తానే అడిగి మునిగాడు. వచ్చే నెల కూటంలో ఒక్క బల్ల వేద్దామని పెద్దలను అడిగాను. ఇద్దరు సరేనన్నారు. మూడో ఆయన ఆలోచించి చెబుతానన్నారు.