మా వీధి మొగదల స్పీడ్ బ్రేకరు గారికి

శ్రీయుత స్పీడ్ బ్రేకరు గారికి,
చికెన్ కొట్టుకూ ట్రాన్స్‌ఫార్మరుకూ మధ్య,
వేదాయపాళెం, నెల్లూరు.

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీ క్షేమానికి వచ్చిన లోటేముంది? క్షేమం చూసుకోవాల్సింది మీ మీదుగా పోయేవాళ్ళే.

రెండేళ్ళుగా నేనొక కారు కోసం వెతికాను. మామూలు కారు కాదు, జపాన్ స్పోర్ట్స్ కారు. అదీ సెకండ్ హ్యాండ్‌లో. చేతిలో ఉన్నది చీటీ పాడగా వచ్చిన మూడు లక్షలు. మా ఆవిడ, మా బావమరిది, మెకానిక్ భాయ్, ఇద్దరు బ్రోకర్లు, స్టాఫ్ రూములో కెమిస్ట్రీ మాస్టారు, అందరూ తలా ఒక మాట చెప్పారు. అందరి మాటా దాటాను. మిమ్మల్ని మాత్రం దాటలేకపోయాను.

మీ పుట్టుక నాకు బాగా గుర్తు. పైపులైను కోసం వీధి తవ్వి, పూడ్చి, తారు పోసిన సాయంత్రం బాండ్లీల్లో కొంత కంకర మిగిలింది. ముందు వారమే ఒక కుర్రాడు బండి మీద దూసుకొచ్చి చికెన్ కొట్టు బోర్డును పడగొట్టి ఉన్నాడు. మిగిలిన కంకర, మండిన కడుపు కలిసి మీరయ్యారు. తెల్లారేసరికి వీధికి అడ్డంగా పడుకుని ఉన్నారు. తెల్ల గీతలు లేవు, ముందు బోర్డు లేదు. ఎవరు వేశారని అడిగితే ప్రతి ఒక్కరూ పక్కింటి వైపు చూశారు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు 1988లోనే మీ జాతి ఎలా ఉండాలో రాసిపెట్టారు. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒళ్ళు హూనం కాకుండా దాటాలని ఆ లెక్క. అంటే ఏనుగు వీపులాగా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మీరేమో ఒంగోలు గిత్త మూపురంలా లేచారు.

ఒక రాత్రి పదకొండింటికి టేపు తీసుకుని మిమ్మల్ని కొలవడానికి వచ్చాను, గుర్తుందా? ఒక కర్రను నేలకు సమంగా పట్టుకోమని మా అబ్బాయికి ఇచ్చి, నేను వంగి చూస్తున్నాను. ముందు కుక్కలు లేచాయి. తర్వాత మేడ మీద లైటు వెలిగింది. "ఏంది మాస్టారూ, అర్ధరాత్రి కొలతలు?" అన్నాడు ట్రాన్స్‌ఫార్మరు పక్కింటాయన. స్పీడ్ బ్రేకరు ఎత్తు చూస్తున్నానంటే నమ్మలేదు. నెల్లూరులో రాత్రిపూట టేపు పట్టుకున్నవాడు స్థలం కోసమే పట్టుకుంటాడు. అయిదు నిమిషాల్లో ఆయన డాక్యుమెంట్ల జిరాక్సులతో కిందికి దిగొచ్చాడు. ఆయన ప్రహరీ రోడ్డులోకి అడుగున్నర జరిగిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనే చెప్పుకున్నాడు.

మీ ఎత్తు 17 సెంటీమీటర్లు తేలింది. వెడల్పు మూడడుగులకు రెండంగుళాలు తక్కువ.

ఇక నా కార్ల సంగతి. మొదట మనసుపడింది మాజ్దా మియాటా మీద. 1989లో వచ్చిన రెండు సీట్ల బండి, టాపు మడిచేయొచ్చు, పొద్దుగూకితే కప్ప కళ్ళలాగా దీపాలు పైకి లేస్తాయి. జపాన్‌లోనూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి స్టీరింగు కూడా మనకు సరిపోతుంది. పాత జపాన్ కారు తెప్పించుకోవడమెంత పని అనుకున్నాను. రూలు చదివితే తెలిసింది. బయటి దేశం నుంచి పాత కారు తేవాలంటే దాని వయసు మూడేళ్ళు దాటకూడదు, ముంబై రేవు ద్వారానే రావాలి. మన పక్కనే కృష్ణపట్నం రేవు ఉన్నా దానికి ఆ భాగ్యం లేదు. పైన సుంకాలూ పన్నులూ కలిపితే కారు వెలను మించిపోతాయి. ముప్పై ఏళ్ళు దాటిన మియాటా ఏ దారినా రాదు. ఆ కారు విషయంలో మీరు శ్రమపడే అవసరమే రాలేదు, ఢిల్లీలోనే మీ పెద్దన్న ఒకాయన అడ్డం పడుకున్నాడు.

ఇక్కడ అమ్మినవాటినే చూద్దామనుకున్నాను. నిస్సాన్ 370జెడ్ 2010 ప్రాంతంలో మన దేశానికి వచ్చింది, కొత్తదే యాభై లక్షల పైమాట. అదే కంపెనీ జీటీ-ఆర్ 2016 డిసెంబరులో దిగింది, ఒక కోటీ 99 లక్షలు. ఫోనులో ఫొటో చూపిస్తే మా ఆవిడ, "దీనికి సీట్లెన్ని?" అని మాత్రం అడిగింది. రేటు అడగలేదు. ఆమెకు నా జీతం తెలుసు.

ఆ ఏడు, కోరికకొక రొట్టె అందుకునే మా నెల్లూరు రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు పోయాం. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మా ఆవిడ ఇంటి రొట్టె పట్టుకుంది. నేను నాలుగడుగులు పక్కకు పోయి, కారు రొట్టె ఉందా అని ఒక పెద్దాయనను అడిగాను.

"ఏం కారు అబ్బయా?"

"జపాన్‌ది. పాతది. స్పోర్ట్స్ కారు."

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "అయితే అట్ట వీసా రొట్టెల కాడ అడుగు" అన్నాడు.

మా బావమరిదికి రొయ్యల గుంటలున్నాయి. వాడి సలహా ఇంకో రకం. "జపానే కదా బావా నీకు కావాల్సింది. ఇసుజు తీసుకో. తడ పక్కన శ్రీసిటీలోనే చేస్తా ఉండారు. మేత బస్తాలు వేసుకోవచ్చు, గుంట గట్టు ఎక్కించొచ్చు." నిజమే, 2016 నుంచీ అక్కడ ఇసుజు పికప్పులు తయారవుతున్నాయి. మీరంటే బొత్తిగా లెక్కలేని బండి అదొక్కటే. కానీ మేత బస్తాలు వేసుకోవడానికి వీలుగా ఉందంటేనే నాకు మనసు విరిగిపోయింది.

తర్వాత మిత్సుబిషి లాన్సర్ వంతు. ఇది కూడా బయటిదేం కాదు, చెన్నై పక్కన తిరువళ్ళూరులో 1998 నుంచి తయారైంది. ర్యాలీల్లో పేరు మోసిన లాన్సర్ ఇవొల్యూషన్‌కు ఇంటి పేరు కలిసిన చుట్టం. మెకానిక్ భాయ్ ఒకటే మాటన్నాడు: "సార్, కొనేది మీరే, నడిపేది మీరే. హెడ్‌లైటు పగిలితే వెతికేది మాత్రం నేను." ఆ మాటతో దాన్ని వదిలేశాను.

హోండా సివిక్‌ను మాత్రం మీ ముందుకే తెచ్చాం. 2006లో వచ్చిన 1.8 లీటర్ల బండి. బ్రోకరు, నేను, భాయ్, వెనక మా అబ్బాయి. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. తర్వాత కింద గర్రుమంది, బండి ఆగిపోయింది. 132 గుర్రాల శక్తి అని కంపెనీ లెక్క. నూట ముప్పై రెండు గుర్రాలూ మీ మూపురం మీద పొట్ట ఆనించి కూర్చున్నాయి. చికెన్ కొట్టబ్బాయి కత్తి పక్కన పెట్టి వచ్చి ఒక చెయ్యి వేశాడు. బ్రోకరు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని మిమ్మల్ని చూసి, "దీన్ని పగలగొట్టించండి సార్, కారు బంగారం" అన్నాడు. కారు అమ్మడానికి వీధినే మార్చమన్నవాణ్ణి నేను మొదటిసారి చూశాను.

చివరికి మిగిలింది 2000 ప్రాంతంలో మన దేశంలోకి వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్. చూడ్డానికి పెళ్ళి బేరాలకు పోయే బండిలా ఉంటుంది గానీ, లోపల 106 గుర్రాలు. ఆ రోజుల్లో ఆ రేటులో అంత ఊపున్న కారు మన దగ్గర అరుదు. 2003 చివర్లో డాల్ఫిన్ సిటీ వచ్చి దీన్ని పక్కకు నెట్టింది. మీకు వీటెక్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే అది మీ చుట్టరికమే. ఇంజను లోపల వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు మీద ఉండేవీ మీలాంటి మూపురాలే. నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్న మూపురం వాల్వును కొంచెమే తెరుస్తుంది. ఇంజను పరుగు పెరిగాక ఆయిలు ఒత్తిడికి ఒక పిన్ను జరిగి పెద్ద మూపురాన్ని పనిలోకి దించుతుంది. వాల్వు ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి ఎక్కువ పోతుంది, బండి గొంతు మారుతుంది. అంటే మీ జాతిలోనూ వేగం పెంచేవాళ్ళున్నారు. అయితే వాళ్ళను కొలిచి చేశారు.

మొదటి సిటీని చెన్నైలో చూశాం. తళతళలాడుతోంది, లోపల మల్లెపూల సెంటు. భాయ్ ఇంజను వైపే పోలేదు. వెనక సీటులో కూర్చుని సీటు బెల్టును మెల్లగా, చివరికంటా బయటికి లాగాడు. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూరలో, గోధుమ రంగు గీత ఒకటి అడ్డంగా ఉంది. గీతకు అవతల బెల్టు నల్లగా, ఇవతల మట్టి పట్టి గరుగ్గా. గోటితో గీకి వాసన చూశాడు. "2015 వరద నీళ్ళో, 2023 వరద నీళ్ళో మరి. ఇది కారు కాదు సార్, పడవ. సీటు పట్టాల్లో వండ్రు ఉండాది చూడండి." నూట డెబ్బై కిలోమీటర్ల పైన పోయింది ఒక బెల్టు లాగి చూడ్డానికి.

రెండోది ఒంగోలులో. ఏపీ 27 బండి, 2002 మోడలు. "డాక్టరు గారి బండి సార్, సింగిల్ హ్యాండ్" అన్నాడు బ్రోకరు. (ఈ రెండు జిల్లాల్లో అమ్మకానికి వచ్చే పాత కార్లన్నీ డాక్టర్లవే. ఇంతమంది డాక్టర్లు ఉండీ మనకు జ్వరాలెందుకు తగ్గవో.) మా ఫ్రిజ్ మీది తిరుపతి మ్యాగ్నెట్ జేబులో వేసుకుపోయాను. బానెట్ మీద స్వామి నిలబడ్డాడు. డిక్కీ మీద నిలబడ్డాడు. ఎడమ వెనక డోరు మీద పెడితే జర్రున జారి నా చెప్పు మీద పడ్డాడు. అంటే కింద రేకు లేదు, పుట్టీ. బ్రోకరు ముఖం చూశాను, ఆయన స్వామికి దణ్ణం పెట్టుకున్నాడు.

భాయ్ మాత్రం కంగారు పడలేదు. డోరు పోతే బోల్టులిప్పి మార్చుకోవచ్చు, డోర్ల మధ్య స్తంభం వంగితేనే బండి పోయినట్టు అన్నాడు. స్తంభాల మీద, టాపు అంచున, గుమ్మం కింద, అన్నిచోట్లా మ్యాగ్నెట్ గట్టిగానే పట్టుకుంది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని అడిగితే బ్రోకరు ఉత్సాహంగా ఫ్యాను బెల్టు చూపించాడు. "కొత్తదే సార్, మొన్ననే!" టైమింగ్ బెల్ట్ కవరు లోపల ఉంటుంది, అది తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఎప్పుడు మార్చారో తెలియదంటే మార్చలేదనే లెక్క. డోరు ఖర్చు, బెల్టు ఖర్చు తగ్గించి రెండు లక్షల పదివేల దగ్గర నుంచి ఒకటీ డెబ్బై అయిదుకు దించాం. మిగిలిన లక్షా పాతికవేలు రిపేర్లకని ఉంచుకున్నాను. పాత బండికి ఇచ్చేది మొదటి వాయిదానే.

ఆర్‌సీ కూడా చూశాను. 2017లో పదిహేనేళ్ళు నిండాక ఒకసారి, 2022లో మరోసారి రెన్యూవల్ అయింది. మళ్ళీ 2027లో ఫిట్‌నెస్‌కు పోవాలి. అప్పటికి నేనూ బీపీ మాత్రల్లో ఉంటాను, ఇద్దరం కలిసే పోతాం.

ఆ సాయంత్రమే తోలుకొచ్చాను. టంగుటూరు టోలు దాటి, సింగరాయకొండ దాటాక హైవే ఖాళీగా ఉంది. రెండో గేరులో ఉంచి కాలు నొక్కాను. ఇంజను పరుగు చూపే టాకోమీటరు ముల్లు పైకి పోతుండగా ఒకచోట ఇంజను గొంతు మారింది. అప్పటిదాకా లెక్చరరులా మాట్లాడుతున్న బండి ఒక్కసారిగా కబడ్డీ కూత పెట్టింది. స్పీడు చూస్తే ఇంకా తొంభై కూడా కాలేదు. నాలుగు వరసల హైవే మీద కార్లకు నూరు దాకా హద్దుంది. జీటీ-ఆర్ కొన్నవాడు ఆ హద్దు లోపల చాలా గుర్రాలను కట్టేసుకుని మూలుగుతూ పోవాలి, నేను నా 106 గుర్రాలనూ ఒక్కటి మిగలకుండా తోలాను. కావలి దాకా గేర్లు దించుతూ ఎక్కిస్తూనే ఉన్నాను. పక్కన మా ఆవిడ, "ఆ అరుపేంది? ఏమన్నా విరిగిందా?" అంది.

ఏమీ విరగలేదు. విరిగింది తొమ్మిదింటికి, మీ దగ్గర.

మెల్లగానే వచ్చాను. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించాను. మూడు చక్రాలు దిగాయి. నాలుగోది దిగేటప్పుడు సైలెన్సరు మీ నడినెత్తిన గీసుకుంటూ పోయింది. ఆ గాడి ఇప్పటికీ ఉంది, వానొస్తే అందులో నీళ్ళు నిలుస్తున్నాయి. మర్నాడు భాయ్ వెనక స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు పెట్టాడు. వేలెడు లేచింది. నేనొక్కణ్ణే ఉంటే ఇప్పుడు దాటుతుంది. ఇంకెవరు ఎక్కినా దాటదు.

కాబట్టి మా ఇంట్లో ఒక పద్ధతి కుదిరింది. మీ దగ్గరికి రాగానే అందరూ దిగుతారు, నేను దాటిస్తాను, అవతల ఎక్కుతారు. మా అత్తగారు మొదటిసారి దిగినప్పుడు, "కారు కొన్నది దిగి నడవడానికా నాయనా?" అంది. మా ఆవిడ దిగిన ప్రతిసారీ పక్కనున్న కొట్టులో అరకిలో చికెన్ తీసుకుంటోంది. మిమ్మల్ని వేసిందెవరో ఇప్పుడు నాకు అనుమానంగా ఉంది.

మిమ్మల్ని పగలగొట్టించమని అర్జీ పెట్టుకోమన్నారు కొందరు. పెట్టను. పెడితే ముందు కొలతలకొస్తారు, ట్రాన్స్‌ఫార్మరు పక్కింటాయన మళ్ళీ జిరాక్సులతో దిగుతాడు. మీరు ఏడు సెంటీమీటర్లు తగ్గితే చాలు. ఎండాకాలం మధ్యాహ్నాలు తారు మెత్తబడుతుంది కదా, లారీలు కూడా తిరుగుతుంటాయి. ఆలోచించండి.

ఈ ఆదివారం మైపాడు బీచికి పోతున్నాం. పొద్దున్నే అయిదున్నరకు బయల్దేరతాం. అయిదుగురం. మీ దగ్గర నలుగురు దిగుతారు.

ఇట్లు,
మీ మూపురం కింద
సైలెన్సరు క్లాంపు పోగొట్టుకున్న
ఫిజిక్సు లెక్చరరు

తా.క.: క్లాంపు దొరికితే చికెన్ కొట్టులో ఇచ్చి ఉంచగలరు.