నిరూపించింది ఎవరు?

'శాస్త్రీయంగా నిరూపితం.' పానీయాల పొడి డబ్బాల మీద ఈ మాట చూసిన ప్రతిసారీ ఒళ్లు మండిపోతోంది. ఎవరు నిరూపించారు? ఎంతమంది మీద? ఎన్నాళ్లు? అడిగితే జవాబుండదు. తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ, పైకి ఎగబాకే ఒక గీత, అంతే!

ఒంట్లోని విషాలను కడిగేస్తుందంటారు. ఏ విషం? దాని పేరు చెప్పండి! ఆ పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉన్నాయి కదా. ఇంకొకటి రక్తాన్ని క్షారంగా మారుస్తుందట. రక్తం పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 7.35 నుంచి 7.45 మధ్య నిలిచేలా శరీరమే కాపాడుకుంటుంది. అది నిజంగా అదుపు తప్పితే ప్రాణాపాయం. అలాంటి దాన్ని గొప్పగా చెప్పుకుని అమ్ముతారా?

'సహజమైనది, ఎంత తాగినా హాని లేదు' అన్న మాట మరీ ఘోరం. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మందికి పైగా పురుషులపై జరిగిన అధ్యయనం ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, పెరిగింది! క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థమే అది.

మొన్న ఒక డబ్బాను తిప్పి చూశాను. ముందువైపు బొటనవేలంత అక్షరాల్లో 'చక్కెరకు చెక్'. వెనక, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో 'ఇది ఏ వ్యాధినీ నయం చేయడానికి ఉద్దేశించినది కాదు'. మధుమేహం మాత్రలు మానేసి దీన్నే నమ్ముకున్న పెద్దావిడకు ఆ చివరి వాక్యం ఎవరు చదివి వినిపించారు?