21 రోజుల్లో అక్క నుంచి పెద్దమ్మ

మొన్న కావలిలో పెళ్ళికి పొయినా. బంతిలో పక్కన కూర్చున్న ఆవిడ పప్పులోకి నెయ్యి వేయించుకుంటా నా తల వంక చూసి, "తెల్లజుట్టు అట్టే వదిలేసినారే, మీ ధైర్యాన్ని మెచ్చుకోవాలమ్మా" అనింది. ఆ మాట పూర్తి కాకముందే ఇవతల పక్కనించి మా చిన్నత్త "ఏందే, ఒంట్లో బాగలేదా?" అని మొదలుపెట్టింది. విస్తరి ముందు ఏం తగువు పడతాం, గమ్మున తినేసి వచ్చినా. అక్కడ మింగిన మాటలు ఇక్కడ కక్కుతా ఉండా.

ధైర్యమూ లేదు, జబ్బూ లేదు. మొదట అంగట్లో రంగు దొరకలా. తర్వాత బద్ధకం. అంతే కథ.

2020 సంగతి. రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు మా నెల్లూరులోనే బయటపడింది, మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన పిల్లోడికి. అందుకని మిగతా ఊళ్ళకంటే ముందే మాకు భయం పట్టుకునింది. 24వ తేదీ రాత్రి ఎనిమిదింటికి టీవీలో లాక్‌డౌన్ అన్నారు, తెల్లారితే ఉగాది. వేపపువ్వు మా సందులోదే, మామిడికాయ ఎదురింటోళ్ళు గోడ మీంచి ఇచ్చినారు. కొత్త బెల్లం లేక, డబ్బా అడుగున రాయైపోయిన పాత బెల్లాన్ని రోకలితో కొట్టి పచ్చడి చేసినా. ఆ యేడాది పేరు శార్వరి. అంటే రాత్రి. పేరుకి రాత్రే గానీ, నా తల మాత్రం ఆ వారంలోనే తెల్లారడం మొదలుపెట్టింది.

ఇరవై రోజులకోసారి రంగు వేసే మనిషిని నేను. జుట్టు నెలకి అటూఇటుగా అరంగుళం పెరుగుద్ది. పెరిగేది కుదుళ్ళ నించి కాబట్టి గుట్టు ముందు పాపిట్లోనే రట్టవుద్ది. మా వీధి చివర అంగడి ముందు మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని సున్నంతో గుండ్రాలు గీసినారు. అదే సున్నంతో నా పాపిట్లో కూడా ఒక గీత లాగినట్టు ఉండేది.

ఆ గుండ్రాల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పొద్దున్నే ఆరింటికల్లా ఒకదాంట్లో చెప్పులు, ఒకదాంట్లో సంచి, ఇంకోదాంట్లో ఇటుకరాయి. వాటి తాలూకు మనుషులంతా వేపచెట్టు కింద ఒక్కచోట చేరి కబుర్లు. మా వీధిలో దూరం పాటించింది చెప్పులే.

ఇంటికొకరే రావాలన్నారని మొదట మా ఆయన్ని పంపినా. చీటీ రాసిచ్చినా కూడా, వంద గ్రాముల మెంతులకి కిలో తెచ్చినాడు. ఎర్రగడ్డలు మర్చిపోయినాడు. "మళ్ళా పోతావా?" అంటే "తొమ్మిదికల్లా కట్టేస్తారంట, రేపు నువ్వే పో" అన్నాడు. సరే, పొయినా. పప్పు, నూనె, చింతపండు అన్నీ చెప్పి, గొంతు తగ్గించి "రంగు పొట్లం ఉందా?" అని అడిగినా. అంగడాయనకి వినపళ్ళా. మాస్కు ఉండాది కదా, గట్టిగా అడగాల్సి వచ్చింది. వేపచెట్టు కింద కబుర్లు టక్కున ఆగిపొయినాయి. "పప్పే రావడం లేదు, రంగెక్కడ్నించి వస్తదమ్మా" అన్నాడాయన. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

నవ్వండి, పర్లేదు. మే 4న మందు షాపులు తెరిచినప్పుడు కూడా నవ్వుంటే ఇంకా బాగుండేది. మొదట 25 శాతం, మర్నాటికి మొత్తం 75 శాతం రేటు పెంచితే కూడా ఎండలో బారులు కట్టినారు. అది వాళ్ళ బాధంట, పాపం. ఇన్నేళ్ళు రంగేసుకున్న ఆడమనిషి ఒక పొట్లం అడిగితే మాత్రం సోకు.

పక్కింట్లో గోరింటాకు చెట్టుంటే కోసుకొచ్చి, టీ డికాషన్‌తో రుబ్బి, ఇనప మూకుట్లో రాత్రంతా నానబెట్టి పట్టించినా. గోరింటాకు తెల్లజుట్టుని ఎర్రగా చేస్తది గానీ నల్లగా చెయ్యదు. నలుపు కావాలంటే నీలి ఆకు పడాల్సిందే. అది తెలిసీ ఆశపడ్డా. తోమిన రాగిచెంబు బోర్లించినట్టు తయారైంది తల. మా ఆయన తెచ్చిన మెంతులు కూడా నానేసి రుద్దినా. జుట్టు మెత్తబడింది, అంతే.

అసలు దెబ్బ వేరే ఉండాది. మొహం సగం మాస్కులో దాక్కుంటే ఎదుటి మనిషికి మిగిలేది కళ్ళూ, జుట్టూ. ఆ రెంటిని చూసే వరస కడతారు. పదిహేనేళ్ళుగా "అక్కా" అన్న కూరగాయలబ్బాయి ఒకరోజు "ఏం పెద్దమ్మా, బెండకాయలా?" అన్నాడు. తూకం కూడా సరిగ్గా చూసుకోలా నేను.

రైతుబజారుని విడగొట్టి స్కూలు మైదానంలో పెట్టినప్పుడైతే గేటు దగ్గరుండే మనిషి నన్ను అక్కడే ఆపేసినాడు. "పెద్దమ్మా, 65 దాటినోళ్ళు బయటికి రాగూడదు. ఇంట్లో పిలకాయలుంటే పంపీ." నాకప్పుడు 47. "నలభై ఏడే అబ్బయా" అంటే, నా తలని ఒకసారి పైనుంచి కిందికి చూసి "ఆధార్ ఉందా?" అన్నాడు. మొహం చూస్తే నమ్ముతాడేమోనని మాస్కు కిందికి లాగినా. "ముందు మాస్కు పెట్టుకో పెద్దమ్మా!" అని కసిరినాడు. వెనకున్న ముసలాయన జాలిపడి నా సంచి తీసుకుని టమాటాలు తెచ్చిచ్చినాడు. ఆయన వయసు ఎవురూ అడగలా. రంగేసుకుని ఉన్నాడు.

అబద్ధమెందుకు, లాభం కూడా పొందినా. పాల బూత్ దగ్గర "పెద్దమ్మని ముందు పోనీండి" అంటే, మారుమాట్లాడకుండా ముందుకి పొయినా. ఏప్రిల్ ఎండలో వయసు గురించి ఎవురు వాదిస్తారు.

ఇక మా ఆయన. ఆయనకీ గడ్డం నెరిసింది. మేలో ధోనీ తెల్లగడ్డం వీడియో వచ్చినప్పటినించి అద్దం ముందు కదిలేది లేదు. చూసినోళ్ళు "సార్, హుందాగా ఉండారు" అన్నారు. మా ఇద్దరికీ ఒకే ఇంట్లో, ఒకే నెలలో నెరిస్తే, ఆయనకి హుందాతనం, నాకు నీరసమా? ఒంట్లో బాగుందా అని ఆయన్ని ఒక్కరూ అడగలే. ధైర్యం అని కూడా అనలే, అది వేరే సంగతి.

నేను రంగు మానేసినానని ఎక్కడా ఒట్టు పెట్టలేదు. బుద్ధి పుడితే వేస్తా, లేకపోతే లేదు. కావలి పెళ్ళికి బుద్ధి పుట్టలా.

జూన్‌లో ఒకరోజు అంగడికి పోతే, అంగడాయన నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి "అక్కా, నీ రంగొచ్చింది" అన్నాడు. మళ్ళీ అక్కనైనా! పొట్లాన్ని పాత పేపర్లో చుట్టి, నా సంచిలో ఎర్రగడ్డల కింద దాచిపెట్టినాడు. పేపరు తీసేసి పైనే పెట్టమన్నా. ఇంకోటి కూడా ఇయ్యమన్నా, మా ధోనీకి.