సోఫా దించండి, గ్రైండరు ఎక్కించండి

ముందు ఆ సోఫా సంగతి తేల్చుకోండి. ట్రక్కు సంగతి తరువాత చూద్దాం.

మొన్న శనివారం మా ఊరి తమ్ముడొకడు కాలిఫోర్నియాలోని శాన్ హోసే నుంచి ఫోన్ చేశాడు. టెక్సాస్‌లోని డాలస్‌లో ఉద్యోగం వచ్చిందట, జూన్ చివరి శనివారం సామానుతో అద్దె ట్రక్కు తనే నడుపుకుంటూ బయలుదేరతాడట. "అన్నయ్యా, 26 అడుగుల ట్రక్కుకు నాలుగు వేల డాలర్లకు పైనే అడుగుతున్నారు, కూపన్ ఏదైనా ఉంటే చెప్పు" అన్నాడు. కూపన్! పెళ్లికి అప్పు చేసి పందిళ్లు వేయించి, చివరకు తాంబూలం సంచుల దగ్గర అర్ధరూపాయికి బేరమాడే పెద్దమనుషులు గుర్తొచ్చారు. అతన్ని ఏమీ అనలేదు, ఎందుకంటే రెండేళ్ల క్రితం నేనూ అదే పని చేశాను. అదే దారి, అదే నెల, అదే పిచ్చి. రాత్రి రెండింటి దాకా కూపన్లు వెతికి వెతికి నలభై డాలర్లు మిగిల్చాను.

నాకు కనువిప్పు కలిగించింది మా ఆవిడ. నేను ఏ ట్రక్కు ఎంత అని లెక్కలు వేస్తుంటే ఆవిడ టేపు తీసుకుని సోఫా కొలిచింది. ఏడు అడుగుల పొడవు, మూడు వెడల్పు, మూడు ఎత్తు. "ఇది 63 ఘనపు అడుగులు. ఈ సోఫా ఒక్కదానికి మనం ఎంత కిరాయి కడుతున్నాం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు ఇప్పుడు ఉంది. 16 అడుగుల ట్రక్కులో దాదాపు 800 ఘనపు అడుగుల చోటు ఉంటుంది. మాకు చివరకు అయిన ఖర్చు ఇది: ట్రక్కు 2,240, పెట్రోలు 640, రెండు రాత్రుల హోటల్ 230, రెండు వైపులా కూలీలు 520, బీమా 140. మొత్తం 3,770 డాలర్లు. భాగిస్తే ఘనపు అడుగుకు నాలుగు డాలర్ల డెబ్బై సెంట్లు పడింది. అంటే ఆ సోఫా టెక్సాస్ చేరడానికి మూడు వందల డాలర్లు. కూర్చున్నచోట గుంట పడి, ఒక చేతి మీద పాప గీసిన స్కెచ్ పెన్ను గీతలున్న ఆ సోఫాను అమ్మజూపితే నలభై డాలర్లకు కూడా ఎవరూ కొనలేదు. చివరకు ఉచితంగా ఇస్తామంటే ఒక కుర్రాడు వచ్చి పట్టుకెళ్లాడు.

అదే లెక్క మా రెండు లీటర్ల వెట్ గ్రైండరుకు వేయండి. పెట్టెతో సహా రెండు ఘనపు అడుగులు, కిరాయి పది డాలర్లు కూడా కాదు. ఇక్కడ కొత్తది కొనాలంటే రెండు వందలు దాటుతుంది. స్టీలు గిన్నెలు, ఇత్తడి కుందులు, ఇడ్లీ పాత్ర, మూకుళ్లు, పోపుల పెట్టెలు అన్నీ కలిపి ఆరు చిన్న అట్టపెట్టెల్లో పట్టాయి. ఒక్కో పెట్టె ఒకటిన్నర ఘనపు అడుగు. అన్నింటికీ కలిపి నలభై డాలర్ల పైచిలుకు. ఇరవై ఏళ్లుగా ప్రతి ప్రయాణంలో సూట్‌కేసుల్లో మోసుకొచ్చిన సంపద అది, మళ్లీ కొనాలన్నా దొరకదు. మన వాళ్ల ఇళ్లలో ఉన్న చిత్రం ఇదే. మన సామాను చిన్నది, బరువైనది, ఖరీదైనది. ఇక్కడ కొన్న బల్లలు, పరుపులు, అల్మరాలు పెద్దవి, బోలువి, చవకవి. మనమేమో వాటిని ప్రాణంగా చూసుకుని, గ్రైండరును ఎవరికో ఇచ్చేస్తాం. అద్దె ట్రక్కు చోటును బట్టి అమ్ముడవుతుందని ఒక్కసారి తలకెక్కితే ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

"ట్రక్కులో చోటు మిగిలితే సోఫా ఉచితమే కదా" అంటారు కొందరు. మిగిలితే నిజమే. కానీ సోఫా, భోజనాల బల్ల, ట్రెడ్‌మిల్, రెండో మంచం ఉన్నాయి కాబట్టే 16 చాలదని 26 తీసుకుంటారు. ఆ నాలుగింటి కోసం పద్నాలుగు, పదిహేను వందలు ఎక్కువ కట్టి, చోటు మిగిలింది కదా అని గరాజులోని చెత్త కూడా ఎక్కిస్తారు. మా ట్రెడ్‌మిల్ మీద ఆరేళ్లుగా తువ్వాళ్లు ఆరబెట్టాం. నడిచిన జ్ఞాపకం ఎవరికీ లేదు.

ఇక దిశ. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నేను శాన్ హోసే నుంచి డాలస్‌కు 26 అడుగుల ట్రక్కు అడిగితే 4,180 డాలర్లన్నారు. సరదాకు అదే వారం డాలస్ నుంచి శాన్ హోసేకు అడిగి చూశాను. 1,290. ట్రక్కు, రోడ్డు, మైళ్లు అన్నీ అవే. కారణం తేలిక. కాలిఫోర్నియా వదిలి వెళ్లేవాళ్లు ఎక్కువ, వచ్చేవాళ్లు తక్కువ. ఒకవైపు ప్రయాణాల్లో ఎన్ని ట్రక్కులు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి అని లెక్కగట్టి, ట్రక్కులు అద్దెకిచ్చే యూ-హాల్ కంపెనీ ఏటా రాష్ట్రాలకు ర్యాంకులిస్తుంది. అందులో 2021, 2022, 2023 మూడేళ్లూ టెక్సాస్ మొదటి స్థానంలో ఉంది. కాలిఫోర్నియా 2020 నుంచి 2024 దాకా వరుసగా అట్టడుగునే ఉంది. టెక్సాస్‌లో పోగుపడిన ట్రక్కులను మళ్లీ అక్కడికి చేర్చాలంటే కంపెనీకి ఖర్చు. మనం కట్టేది మన ప్రయాణానికే కాదు, ఆ ఖాళీ ట్రక్కు వెనక్కి వెళ్లడానికి కూడా. కొలువుల వరదలో అందరితో పాటు కొట్టుకుపోతూ కిరాయి తగ్గించమంటే ఎవరు తగ్గిస్తారు?

దిశను మార్చలేం. తేదీని మార్చవచ్చు. వేసవిలో బడులు మూసేస్తారు, నెలాఖరుకు అద్దె ఒప్పందాలు ముగుస్తాయి, శనివారం అందరికీ సెలవు. ఈ మూడూ కలిసిన రోజునే మనవాళ్లు ముహూర్తం పెట్టుకుంటారు. అయితే ఇక్కడ ఒక గొయ్యి ఉంది. తేదీ ఆలస్యం చేస్తే పాత ఇంటి అద్దె మీద పడుతుంది. శాన్ హోసే ఉన్న బే ఏరియాలో రెండు వారాల అద్దె అంటే ట్రక్కు మీద మిగిలిందంతా దానికే సరి. కాబట్టి ఆలస్యం చేయడం కాదు, ముందే బయలుదేరాలి. మేం ఎలాగూ జూన్ అద్దె కట్టేశాం, పాప బడి మొదటి వారంలోనే అయిపోయింది. రెండో వారం మంగళవారం బయలుదేరాం. డాలస్‌లో ఖాళీలు ఎక్కువ ఉన్న అపార్ట్‌మెంటు చూసుకుని మొదటి రెండు వారాల అద్దె వదిలేయమని అడిగితే ఒప్పుకున్నారు. కూపన్ల వెంట పరుగెత్తిన ఓపికలో పదోవంతు ఆ ఫోన్ కాల్‌లో పెట్టాను, అంతే.

మైళ్ల సంగతి కూడా చూడండి. ఒకవైపు ప్రయాణానికి పెన్‌స్కీ అనే మరో ట్రక్కుల కంపెనీ మైళ్లకు పరిమితి పెట్టదు. యూ-హాల్ ఇన్ని రోజులు, ఇన్ని మైళ్లు అని కట్టి ఇస్తుంది, దాటితే అదనం. గ్రాండ్ కాన్యన్ చూసి పోదామనుకునేవాళ్లు ఇది చూడకపోతే ఆ దర్శనం ఖరీదైనదే అవుతుంది. ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘంలో సభ్యత్వం ఉంటే పెన్‌స్కీలో తగ్గింపు ఉంటుంది, అడగండి. తమ్ముడూ, కూపన్ అడిగావు కదా, అదే ఇది.

పెట్రోలు లెక్క మాత్రం ఎవరూ ముందు వేయరు. ఇలాంటి ట్రక్కులు గ్యాలన్‌కు పది మైళ్లు ఇస్తే గొప్ప. శాన్ హోసే నుంచి బేకర్స్‌ఫీల్డ్, బార్‌స్టో మీదుగా 40వ నంబరు హైవే ఎక్కి, అమరిల్లో నుంచి డాలస్‌కు దిగితే 1,700 మైళ్ల పైన. అంటే 170 గ్యాలన్లు. కాలిఫోర్నియాకూ టెక్సాస్‌కూ గ్యాలన్ మీద డాలరుకు పైనే తేడా ఉంటుంది. నేను బార్‌స్టోలో నింపడం మరిచి ఎడారి మధ్యలో నీడిల్స్ ఊళ్లో ఆగాల్సి వచ్చింది. అక్కడి ధర బోర్డు చూసి మా బావమరిది "బావగారూ, ఇది పెట్రోలా, నెయ్యా?" అన్నాడు. కొలరాడో నది దాటితే అరిజోనా, అక్కడ చవక. చేతిలో పంపు పట్టుకుని, నది దాటేంత మాత్రమే పోయించుకుని బయటపడ్డాం. పెద్ద ట్రక్కుల్లో కొన్ని డీజిల్‌వి ఉంటాయి, పోయించే ముందు మూత మీద చదవండి.

ఇక నా కోపానికి అసలు కారణానికి వస్తాను. ట్రక్కు తీసుకోవాల్సిన రోజు ఉదయం ఎనిమిదింటికి వెళితే కౌంటరులో అమ్మాయి తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ తెర వైపు చూసింది. "మీ రిజర్వేషన్ ఉంది. ట్రక్కు లేదు" అంది. ఆ రెండు వాక్యాలు ఒకే నోటి నుంచి అంత ప్రశాంతంగా ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలియదు. నలభై మైళ్ల దూరంలో ఇంకో చోట ఉందట. ఇంటి దగ్గర గంటకు ఇంత అని మాట్లాడుకున్న ఇద్దరు కూలీలు మెట్ల మీద కూర్చుని ఉన్నారు, వాళ్ల మీటరు తిరుగుతోంది. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి ట్రక్కు ఆవరణలో కనిపిస్తోందా అని అడిగి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మీరు తప్పక అడగండి. రిజర్వేషన్ ఉందా అని మాత్రం అడగకండి, అది ఎప్పుడూ ఉంటుంది.

బీమా దగ్గర కక్కుర్తి పడకండి. మన సొంత కారు పాలసీలు, క్రెడిట్ కార్డుల రక్షణ ఇలాంటి ట్రక్కులకు చాలావరకు వర్తించవు. కొన్ని ప్లాన్లలో పైకప్పు దేనికైనా తగిలితే ఆ నష్టం మనదే. నార్త్ కరొలైనాలో డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల ఎత్తున్న రైలు వంతెన ఒకటి ఉండేది. కొబ్బరికాయ పీచు ఒలిచినట్టు ట్రక్కుల పైకప్పులు ఒలిచి పేరు తెచ్చుకుంది. 2019లో దాన్ని 8 అంగుళాలు పైకెత్తారు, అయినా తగిలేవి తగులుతూనే ఉన్నాయి. 26 అడుగుల ట్రక్కుకు 12 అడుగులు, కొన్నింటికి అంతకంటే ఎక్కువ ఎత్తు కావాలి. కారు నడిపే అలవాటుతో కాఫీ కోసం, బండి దిగకుండానే కొనుక్కునే ఆ తక్కువ ఎత్తు కప్పుల డ్రైవ్-త్రూలోకి తిప్పామంటే ఆ కాఫీ జీవితాంతం గుర్తుంటుంది.

కంపెనీ తరలింపు ఖర్చులిస్తోంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఒక మాట. 2018 నుంచి, సైన్యంలో ఉన్నవాళ్ల లాంటి కొందరికి తప్ప, ఆ డబ్బు ఫెడరల్ పన్నుకు జీతంతో సమానం. అయిదు వేలు ఇచ్చామంటే చేతికి అయిదు వేలు రావు. పన్ను భారం కూడా మీరే భరిస్తారా అని చేరకముందే అడగాలి. చేరాక అడిగితే నవ్వుతారు.

స్నేహితుల విషయం మాత్రం గట్టిగానే చెబుతాను, నొచ్చుకుంటే నొచ్చుకోండి. మనవాళ్లలో ఇల్లు మారుతున్నామంటే వాట్సాప్ గుంపులో ఒక సందేశం పడుతుంది: "శనివారం ఉదయం అందరూ రండి, మధ్యాహ్నం బిర్యానీ." ఇరవై నాలుగేళ్లప్పుడు, చదువుకునే రోజుల్లో, మూటాముల్లె అంతా ఒక పరుపు, రెండు సూట్‌కేసులు అయినప్పుడు అది స్నేహం. నలభై దాటాక, మూడో అంతస్తు నుంచి రెండు తలుపుల ఫ్రిజ్ దింపడానికి అది బిర్యానీ కూలీ. అలాంటి ఒక శనివారం నా నడుము పట్టేసింది. మూడు వారాలు మంచం మీద, ఆ తరువాత రెండు నెలలు ఫిజియోథెరపీ. ఆ బిర్యానీ ముద్ద ఒక్కొక్కటి పాతిక డాలర్లు పడింది నాకు. నా మిత్రుడు మాత్రం కూలీల ఖర్చు మిగిలిందని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. మిగలలేదు నాయనా, నా నడుములోంచి కట్టాను. ఎక్కించడానికి, దించడానికి గంటల లెక్కన మనుషులు దొరుకుతారు. వాళ్లకు పట్టీలు ఎలా బిగించాలో, బరువు ముందు వైపు ఎలా పేర్చాలో తెలుసు. మా 520 డాలర్లలో ఒక్క సెంటు కూడా వృథా కాలేదు, మెట్ల మీద కూర్చోబెట్టిన గంటన్నర తప్ప.

అసలు నడపడమే వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. యూ-ప్యాక్ లాంటి వాళ్లు 28 అడుగుల ట్రైలరు ఇంటి ముందు పెడతారు. మనం నింపుకొని ఎన్ని అడుగుల పొడవు వాడామో అంతకే కట్టాలి, డ్రైవరు వాళ్ల మనిషే. యాభై దాటాక మళ్లీ ఊరు మారాల్సి వస్తే నేను అదే చేస్తాను. టెహాచపీ కొండ ఎక్కేటప్పుడు నలభై మైళ్ల వేగంతో రొప్పుతున్న ట్రక్కులో కూర్చుని, వెనక గిన్నెల చప్పుడు వింటూ ప్రతి మలుపునూ లెక్కపెట్టుకునే ఓపిక అప్పుడు ఉండదు. పుస్తకాలుంటే తపాలా శాఖవారి మీడియా మెయిల్‌లో పంపండి. పెట్టె 70 పౌండ్ల దాకా ఉండవచ్చు, చవక, కాస్త ఆలస్యం.

ఒక్క దాని దగ్గర ఈ లెక్కలన్నీ ఓడిపోయాయి. మా కుండీలో కరివేపాకు మొక్క, ఏడేళ్లది, నా భుజం ఎత్తు. ట్రక్కులో తలుపు పక్కన దానికి చోటు కూడా ఉంచాను. తీరా చూస్తే దాన్ని అలా తీసుకెళ్లకూడదు. కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క. నిమ్మ, బత్తాయి తోటలను చంపేసే గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే సిల్లిడ్ అనే చిన్న పురుగు దాని మీద బతుకుతుంది. అందుకే దాన్ని, తెగులు పాకకుండా హద్దులు గీసిన క్వారంటైన్ ప్రాంతం దాటించడంపై ఆంక్షలున్నాయి. ఎదురింటి మలయాళీ అమ్మగారికి ఇచ్చాం. మా ఆవిడ సోఫా వెళ్లిపోయినప్పుడు తల కూడా తిప్పలేదు. ఆ కుండీని ఇచ్చి వచ్చాక మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

తమ్ముడూ, ఇది చదువుతుంటే ఆ టేపు తీసుకుని ఇల్లంతా ఒకసారి కొలువు. కొలిచి ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, ఏది ఎక్కించాలో ఏది దించాలో కలిసి చూద్దాం. డాలస్ చేరిన రోజు భోజనం మా ఇంట్లోనే. సామాను దించడానికి మాత్రం నన్ను పిలవకు.