నారుమడికి నల్ల షీటు వద్దండీ

వేసవిలో నారుమడి మీద ప్లాస్టిక్ షీటు కప్పి ఎండతోనే తెగుళ్లు తగ్గించుకోవచ్చని మంచి వ్యాసం రాశారు. కానీ 'ఏదో ఒక షీటు' అని వదిలేశారు, అక్కడే రైతు దెబ్బతింటాడు. మల్చింగ్‌కి, అంటే మొక్కల మొదళ్ల చుట్టూ నేల కప్పడానికి, వాడిన నల్ల షీటు ఇంట్లో ఉంటే అదే పరిచేస్తారు. నల్లది వేడిని తనే పీల్చుకుంటుంది, మట్టికి చేరేది తక్కువ. ఎండ లోపలికి దిగాలంటే అవతలి వస్తువు కనిపించే పల్చటి పాలిథిన్ షీటే కావాలి.

ఇంకోటి, తడి. పొడి మట్టి మీద కప్పితే శ్రమ దండగ. పెళ్లలు చితక్కొట్టి, మడి చదును చేసి, బాగా నీళ్లు పెట్టాకే కప్పాలి. తడి ఉంటే వేడి లోతుకు దిగుతుంది, నిద్రలో ఉన్న శిలీంధ్ర బీజాలూ కలుపు గింజలూ మేలుకుని ఆ వేడికి దొరికిపోతాయి. అంచులు మట్టిలో పూడ్చి, ఏప్రిల్, మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. షీటు లోపలివైపు నీటి బొట్లు పట్టి ఉంటే పని జరుగుతున్నట్టే. చిల్లు పడితే వెంటనే టేపు వేయండి.

ఇజ్రాయెల్‌లో శాస్త్రవేత్త కటాన్ బృందం 1976లో ప్రచురించిన పద్ధతి ఇది. మన పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లోనూ కంది, శనగ ఎండు తెగులు మీద పరీక్షించారు.

షీటు తీశాక మాత్రం లోతు దుక్కి చేయొద్దు, అడుగున బతికున్న గింజలు పైకొస్తాయి. తుంగ కలుపు కూడా పోతుందని మరీ ఆశ పెట్టుకోకండి, దాని గడ్డలు లోతున ఉంటాయి, తవ్వి ఏరాల్సిందే.