సీమలో ఎప్పుడూ సాయంత్రం ఐదున్నరే

మళ్ళా ఒక సీమ ముఠాకక్షల సినిమా టీజరొచ్చింది. తెర మీద ‘కర్నూలు జిల్లా’ అని అక్షరాలు పడినాయో లేదో, ఆకాశం, నేల, గోడ, గోడ పక్కన కట్టేసిన ఎద్దు అన్నీ ఎర్రకారం పూసిన దోశ రంగుకు తిరిగినాయి. మరుసటి సీను హైదరాబాదు. అక్కడ ఆకాశం నీలంగా, చెట్లు పచ్చగా, మనుషులు మనుషుల రంగులోనే ఉన్నారు. రెండూళ్ళ మధ్య దూరం రెండొందల చిల్లర కిలోమీటర్లు. అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్ర బ్రిడ్జి ఎక్కే చోట సూర్యుడు ఏదో ఫిల్టరు తగిలించుకుంటున్నాడన్నమాట. ఇన్నేళ్ళుగా ఆ బ్రిడ్జి మీద తిరిగే ఆర్టీసీ డ్రైవర్లు ఈ సంగతి ఎవరికీ చెప్పకపోవడం పెద్ద తప్పు.

సినిమా పెద్దలు పొరపాటు చేస్తారని అనుకోలేం. రోజుకు ఇంతని అద్దె కట్టి కెమెరాలు తెచ్చేవాళ్ళు, లైటు మీటరు మెడలో వేసుకొని తిరిగేవాళ్ళు. కాబట్టి పొరపాటు సూర్యుడిదే అయ్యుండాల. విచారిద్దాం.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. నడి మధ్యాహ్నపు ఎండ రంగు 5500 కెల్విన్లకు కొంచెం అటూ ఇటూ. కెమెరాలో 5600 పెట్టి, ముందర రంగు సరిచూసే బూడిదరంగు అట్ట, గ్రే కార్డు, పట్టి చూస్తే తెలుపు తెలుపుగానే కనబడుతుంది, అది ఆదోనైనా అమలాపురమైనా. నీడ పడిన చోట పైనున్న ఆకాశమే దీపం కాబట్టి అక్కడ కాస్త నీలం కూడా తిరుగుతుంది. నారింజ రంగు రావాలంటే సూర్యుడు బాగా కిందికి దిగాల. దిగంతానికి పది డిగ్రీల ఎత్తుకొచ్చినాక, మా వైపు మునిగిపోయేదానికి ముప్పావు గంటకు కొంచెం అటూ ఇటూ. ఆ పది డిగ్రీల దగ్గర ఆరడుగుల మనిషికి 34 అడుగుల నీడ పడుతుంది.

ఇప్పుడు ఆ టీజర్లో హీరో కాళ్ళ దగ్గర చూడండి. నీడ చెప్పుల కిందనే ఉంది. మిట్టమధ్యాహ్నం. రంగేమో సాయంత్రం ఐదున్నర. మే మొదటి వారంలో కర్నూల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నిలువుగా పాతిన కర్రకు నీడే ఉండదు. అట్లాంటి పూట తీసి, దాని మీద సాయంత్రం పూసి వదిలినారు. అంటే మా జిల్లాల్లో ఇద్దరు సూర్యుళ్ళు డ్యూటీ చేస్తున్నారు. ఒకాయనది నీడల శాఖ, ఇంకొకాయనది రంగుల శాఖ, ఇద్దరికీ మాటల్లేవు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడే ఈ తగాదా కూడా తీర్చేసి ఉంటే పోయేది.

నడినెత్తి ఎండలో తీయడం కష్టమే, కాదనం. కనుబొమ్మల నీడ గుంతల్లో పడి కళ్ళు కనబడవు, ముక్కు నీడ మీసంలో కలిసిపోతుంది. అందుకే హీరో నెత్తిన పన్నెండుకు పన్నెండు అడుగుల స్కిమ్మర్ కడతారు. తెల్ల పట్టుగుడ్డ, ఒకటిన్నర స్టాపు పైచిలుకు ఎండను మింగుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు). గండికోటలో పెన్నా లోయ అంచున అది నిలబెట్టాలంటే నాలుగు మూలలకు నాలుగు తాళ్ళు, తాడుకొక మనిషి, స్టాండ్ల కాళ్ళ మీద ఇసుక మూటలు. ఒక్క తాడు వదిలినా గుడ్డ, ఫ్రేము, కొత్త లైట్‌మ్యానూ కలిసి లోయ చూసొస్తారు. ఇంతా చేస్తే హీరో నీడలో, వెనక కోట ఎండలో. కోటకు సరిపెడితే హీరో నల్లబడతాడు, హీరోకు సరిపెడితే కోట సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. ఆ తేడా పూడ్చేదానికి పగటి రంగు వెలుగిచ్చే పెద్ద దీపం, 18కె హెచ్‌ఎంఐ, దాని వెనకాల జనరేటర్ బండి. అంత తాహతు లేని యూనిట్ సిల్వర్ రిఫ్లెక్టర్ తిప్పుతుంది. థర్మాకోల్ అయితే వెలుగు మెత్తగా పడుతుంది గానీ ముఖానికి దగ్గరగా తేవాల. సిల్వర్ దూరం నుంచే కొడుతుంది, అదీ నేరుగా కళ్ళల్లోకి. రెండు టేకులయ్యేసరికి కళ్ళెర్రబడి నీళ్ళు కారతాయి. రివ్యూలో దాన్నే ‘తరాల పగను కళ్ళతోనే పలికించాడు’ అని రాస్తారు.

ఆ తర్వాత లెన్సు. కెమెరాలో మామూలుగా పెట్టే లెక్క 800 ఐఎస్‌ఓ, సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టరు. మా ఎండకు ఈ లెక్క ఎఫ్ 64 దగ్గర, అంటే లెన్సు రంధ్రం బాగా మూస్తేనే తేలుతుంది. కెమెరామన్‌కేమో రంధ్రం పెద్దగా తెరిచే 2.8 కావాల, వెనకంతా కరిగిపోవాల. అంటే తొమ్మిది స్టాపులు చంపాల. ఎన్‌డీ 2.7 అనే నల్లద్దం తగిలిస్తారు. 512 పాళ్ళ వెలుగొస్తే ఒక్క పాలు లోపలికి పోతుంది. ఆ ఎన్‌డీ ఐఆర్ కట్ లేని పాత సరుకైతే, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ మాత్రం దర్జాగా దూరి హీరో నల్లచొక్కాను గోధుమరంగు చేసి పెడుతుంది. సీమ ఎండ చూపిస్తామని ఇంత దూరం వచ్చి, 511 పాళ్ళు గడప బయట నిలబెట్టి, మిగిలిన ఒక్క పాలుకు డీఐలో, అంటే కంప్యూటర్లో రంగులు దిద్దే చోట, రంగు పూసుకుంటారు.

డీఐ సంగతి ఇంకా గొప్పది. నంద్యాల వైపు కె.సి. కెనాల్ కింద పచ్చగా నిలబడిన వరిమడిని కలరిస్ట్ ఒక్క గుండ్రటి మీట తిప్పి ఎండబెట్టేస్తాడు. పచ్చరంగు ఒక్కటే ఎంచుకొని పసుపు వైపు జరిపితే చాలు. అనంతపురం రైతుకు వానదేవుడు చేసిన అన్యాయం, నంద్యాల రైతుకు కంప్యూటరు చేస్తుంది. ఇంత కరువులోనూ హీరో ముఖం మాత్రం చెక్కుచెదరదు. దాని చుట్టూ ఒక విండో గీసి, ఫ్రేము ఫ్రేముకూ ట్రాక్ చేసి, ఆ గుండ్రంలోకి నారింజ రాకుండా కాపలా కాస్తారు. సీమబిడ్డ పాత్రే, సీమ ఎండ మాత్రం ఆయనకు తగలకూడదు.

ఇంక దుమ్ము. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నేల నల్లరేగడి. ఎండితే నెర్రెలిస్తుంది, గడ్డ కడుతుంది. దాని దుమ్ము లేచినా బూడిద రంగే. డైరెక్టరు మానిటర్లో చూస్తాడు. “సీమ కనబడటం లేదు మాస్టర్” అంటాడు, సీమ నడిమధ్యలో కుర్చీ వేసుకొని. ఆర్ట్ డిపార్ట్‌మెంటు ముల్తానీ మట్టిలో ఎర్రరంగు కలిపి మూటలకు మూటలు దించుతుంది. చేను గట్టున నిలబడిన రైతు ప్రొడక్షన్ మేనేజర్ను అడుగుతాడు.

“ఏందప్పా, మా చేన్లోకి మన్ను తోలినారు?”

“సీమ మట్టన్నా. షాట్‌కు కావాల.”

“మరి ఇదేం మట్టి?”

మేనేజర్ దగ్గర జవాబు లేదు, ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకొని పక్కకు పోతాడు. బ్లోయర్లు ఆన్. యాక్షన్. గాలి ఎదురు తిరిగి ఎర్రదుమ్మంతా కెమెరా మీదికే వస్తుంది. కట్. లెన్సు తుడవాల. ఈలోపల సుమోల మీద అంగుళం మన్ను పేరుకుంది, పోయిన షాట్లో అవి శుభ్రంగా ఉన్నాయి, కంటిన్యూటీ కుర్రాడు ఏడుపు ముఖం పెడతాడు. ట్యాంకర్ తెప్పించి కడుగుతారు. ఆ నీళ్ళు పోయి రేగట్లో పడతాయి. తడిసిన రేగడి సంగతి తెలిసినవాడెవడూ ఆ యూనిట్లో లేడు. ఆరు సుమోలూ ముందు చక్రాల దాకా దిగబడతాయి. పగతో రగిలిపోతూ దూసుకురావాల్సిన ముఠా మొత్తం దిగి, లుంగీలు ఎగగట్టి బండ్లు నెడుతుంది. ఆఖరికి ఇందాకటి రైతే ట్రాక్టరు తెచ్చి, గొలుసేసి లాగిపెడతాడు. సినిమాలో ఆయన పాత్ర పేరు ‘నరికేవాడు నంబర్ 4’.

సుమో అంటే గుర్తొచ్చింది. ఆ బండి తయారీ 2019లోనే ఆగిపోయింది. మా ఊళ్ళల్లో పాతిక రకాల బండ్లు తిరుగుతున్నాయి గానీ యూనిట్ మాత్రం తుక్కు దుకాణాలన్నీ గాలించి సుమోనే తెస్తుంది. ఇంజను, బ్యాటరీ, డీజిల్ ట్యాంకు ఊడదీస్తారు, బానెట్, తలుపుల బోల్టులు వదులు చేస్తారు, కింద గాలి ఒత్తిడితో తన్నే ఎయిర్ కానన్ అమర్చి గాల్లోకి లేపుతారు. ఆ ఎర్రటి మంటంతా సంచుల్లో పెట్టిన పెట్రోలు. నిజం పేలుడుకు అంత మంట రాదు, క్షణంలో పొగా మన్నూ తప్ప చూసేదానికేమీ మిగలదు. సెకనుకు 120 ఫ్రేముల్లో తీస్తే ఐదింతలు నెమ్మదిగా ఎగురుతుంది, ఐదింతల వెలుగు కావాల. ఆ పూట మాత్రం మా ఎండ యూనిట్‌కు ముద్దొస్తుంది.

నటన గురించి క్లుప్తంగా చెప్పుకుందాం, అక్కడున్నది కూడా క్లుప్తమే కాబట్టి. ముఖాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్సు క్లోజప్పులో కనురెప్ప బరువెక్కినా తెర మీద తెలుస్తుంది. ఈ సినిమాల్లో మాత్రం ముక్కుపుటాలు, మెడనరాలు, పళ్ళు అన్నీ ఒకేసారి పని చేస్తాయి. సిరివెళ్ళలో పుట్టిన జయప్రకాష్ రెడ్డి నోట సీమ మాట ఊరి మాటగానే వచ్చేది, గొంతు తగ్గించినప్పుడే ఎక్కువ భయమేసేది. ఆయన తర్వాతి వాళ్ళు ఆయన దగ్గర అరుపొక్కటే అప్పు తెచ్చుకున్నారు. కొందరు సెట్లో డైలాగులకు బదులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పి పోతారు. పగ, కోపం, యాస అన్నీ ఏసీ డబ్బింగ్ థియేటర్లో ఇంకొకరు పూరిస్తారు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. ఒక్కటి వదల్లేం. ఆ స్కిమ్మర్ నీడ 144 చదరపు అడుగులు. దాని కింద హీరో, మేకప్‌మ్యాన్, గొడుగు పట్టేవాడు, చేతి ఫ్యాను పట్టేవాడు. వెనకాల ఎండలో వందమంది. 43 డిగ్రీల్లో పొద్దున నుంచీ నిలబడినారు. అందరూ కనబడే మాస్టర్ షాట్లో ఎక్కడున్నారో అక్కడే ఉండాల, నీడకు పోతే కంటిన్యూటీ పోతుందంటారు. శెనక్కాయ వేసి నష్టపోయి దినకూలికొచ్చినవాళ్ళు, సెలవుల్లో వచ్చిన డిగ్రీ పిల్లోళ్ళు. చేతిలో రబ్బరు కొడవలి. ఒంటి మీద చక్కెరపాకంలో కలిపిన నెత్తురు, దాని మీద ఈగలు. 2.8 పెట్టినాక వాళ్ళ ముఖాలు కనబడవని కెమెరామన్‌కు తెలుసు, ఫోకస్ పుల్లర్‌కు తెలుసు, డైరెక్టరుకు తెలుసు. కనబడని ముఖాన్ని ఎండలో ఎందుకు మాడబెట్టినట్టు? కళ్ళు తిరిగి పడిపోతే మజ్జిగ ఇచ్చి మళ్ళీ అదే గుర్తు మీద నిలబెట్టేది ఏ శిల్పం, ఏ శాస్త్రం?

ఆ డిగ్రీ పిల్లోళ్ళలో ఒకడే ఏడాది తిరక్కముందే ఉద్యోగం కోచింగ్‌కని హైదరాబాదు పోతాడు. ఇల్లు అద్దెకడిగితే ఓనరు “ఏ ఊరు?” అంటాడు. కడప అనగానే నవ్వి, “బాంబులు గింబులు లేవు కదా?” అంటాడు. ఆ నవ్వు ఎక్కడ నేర్చుకున్నాడు? సిగ్గుండాల ఎవరికైనా. ఈ పరిశ్రమకు మద్రాసులో పునాది పోసినవాళ్ళలో బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది కడప జిల్లా. ఒకరికి 1974, ఇంకొకరికి 1986 సంవత్సరానికి ఫాల్కే అవార్డు. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రిలో పుట్టినాడు. ఆయన సినిమాల్లో కెమెరామన్ మార్కస్ బార్ట్లే నలుపు తెలుపులతోనే వెన్నెల కాయించినాడు. వాళ్ళు వేసిన బాటన నడుస్తూ వాళ్ళ ఊరోళ్ళ బిడ్డల్ని గూండాలని ముద్రేసి డబ్బు చేసుకుంటారా?

వచ్చే యూనిట్లకు పెద్దగా చెప్పేదేమీ లేదు. కెల్విన్ 5600 దగ్గరే ఉంచండి. పదిన్నర నుంచి మూడున్నర దాకా జనం షాట్లు పెట్టుకోవద్దు, ఆ పూట ఇంట్లో సీన్లు తీసుకోండి. జనం మీద కూడా ఒక స్కిమ్మర్ కట్టండి. దానికి బడ్జెట్ లేదంటారా, ఒక సుమో తక్కువ పేల్చండి.